మొక్క కణానికి స్విచ్ వేసేది ఎవరు?

మీ ప్రశ్న ఇది: మొక్కలో ప్రతి కణంలోనూ అదే డీఎన్ఏ ఉంటే, వేరు మీద ఒక కణం కేశంగా సాగుతుంది, దాని పక్కది ఎందుకు సాగదు? "నియంత్రణ జన్యువులు నిర్ణయిస్తాయి" అని పుస్తకంలో ఉంది సరే, మరి ఆ జన్యువును ఆన్ చేసేది ఎవరు, దాన్ని ఆన్ చేసినదాన్ని ఆన్ చేసింది ఎవరు? చివర్లో ఇంకోటి కూడా కలిపారు, ఒక్క జన్యువుతో ఒక రకం కణాన్ని ఇంకో రకంగా మార్చొచ్చా, మార్చాక మళ్లీ వెనక్కి తేవచ్చా అని.

మొదటిదానికి నా జవాబు ముందే చెప్పేస్తాను: చాలాసార్లు స్విచ్ వేసేది పక్క కణం. అన్నిటికీ పైన కూర్చుని ఆర్డర్లు వేసే జన్యువు ఒకటి ఉంటుందని వెతుక్కుంటూ పోతే దొరకదు. నేను పదిహేనేళ్లుగా అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క వేళ్లను మైక్రోస్కోప్ కింద చూస్తున్నాను, మొదటి రెండేళ్లు నేనూ ఆ పెద్దాయన కోసమే వెతికాను.

ముందు ఈ స్విచ్ అనే మాట సంగతి చూద్దాం, ఎందుకంటే సగం తికమక అక్కడే ఉంది. నియంత్రణ జన్యువు తయారుచేసే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి, వేరే జన్యువు పక్కనుండే డీఎన్ఏ ముక్కను పట్టుకుంటుంది. దాంతో ఆ జన్యువు నుంచి ఆర్ఎన్ఏ తయారవడం పెరుగుతుంది, లేదా ఆగిపోతుంది. వీటినే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటాం. 2000లో అరబిడాప్సిస్ జీనోమ్ మొత్తం చదివినప్పుడు ఇలాంటివి 1500కి పైగా లెక్కతేలాయి, మొత్తం జన్యువుల్లో ఇరవయ్యో వంతు పైనే. ఇక్కడిదాకా పుస్తకంలో ఉన్నదే. కానీ ఈ ప్రోటీన్లు గుర్తుపట్టే డీఎన్ఏ మాట చాలా చిన్నది, తరచూ ఆరేడు అక్షరాలు. ఆరు అక్షరాల మాట ఏదైనా సరే, ఊరికే లెక్క ప్రకారం 4096 అక్షరాలకు ఒకసారి తగులుతుంది (4ను ఆరుసార్లు వేసి గుణించండి). అరబిడాప్సిస్ జీనోమ్ దాదాపు 13.5 కోట్ల అక్షరాలు, అంటే ఆ మాట సుమారు 33 వేల చోట్ల ఉండాలి. ఉన్న జన్యువులేమో 27 వేలు! ఒంటరి ప్రోటీన్ ఇందులో ఏ స్విచ్ వేయాలో ఎలా తేల్చుకుంటుంది? తేల్చుకోలేదు. పక్కన ఇంకో రెండు మూడు ప్రోటీన్లు తోడుండాలి, ఆ చోట డీఎన్ఏ చుట్టలు వదులై తెరిచి ఉండాలి. తోడు ఎవరున్నారు, ఏ చోటు తెరిచి ఉంది అన్నది కణాన్ని బట్టి మారుతుంది. కాబట్టి ఏదైనా జన్యువును "ఇది ఫలానా కణాన్ని చేసే జన్యువు" అని ఎవరైనా అంటే, ఏ కణంలో ఉన్నప్పుడు అని వెంటనే అడగండి.

ఇక వేరు. అరబిడాప్సిస్ వేరును అడ్డంగా కోస్తే అన్నిటికంటే బయట బాహ్యచర్మం, దాని లోపల ఒకే పొరగా వల్కలం, ఆ వల్కలంలో మామూలుగా 8 కణాలు కనిపిస్తాయి. బయటి పొరలో ఏ కణమైతే కింద రెండు వల్కల కణాల మధ్య సందు మీద కూర్చుందో అది మూలకేశం అవుతుంది, ఒకే వల్కల కణం వీపు మీద కూర్చున్నది నున్నగా ఉండిపోతుంది. రూలు ఇంతే. 8 సందులు కాబట్టి 8 కేశాల వరుసలు. మొదటిసారి చూసినవాళ్లు ఎవరో స్కేలు పెట్టి గీశారా అనుకుంటారు.

ఇది వంశపారంపర్యంగా, అంటే కేశం వరుసలో పుట్టింది కాబట్టి కేశం అయింది అన్నట్టు జరగడం లేదని ఎలా తెలుసంటే, అప్పుడప్పుడు ఈ వరుసల్లో ఒక కణం నిలువుగా చీలి, పుట్టిన రెండిట్లో ఒకటి సందు మీద నుంచి పక్కకు జరిగిపోతుంది. అలా జరిగినది తల్లి ఏమిటన్నది పట్టించుకోదు, కొత్త చోటు ఏమిటో దానికి తగ్గట్టు నడుచుకుంటుంది. 1990లలో లేజర్‌తో ఒక కణాన్ని చంపి పక్క కణం ఆ ఖాళీలోకి వచ్చేలా చేసిన ప్రయోగాల్లోనూ ఇదే తేలింది. జంతువుల్లో చాలా కణాలు తిరుగుతూ తమ చోటికి చేరతాయి. మొక్క కణం చుట్టూ గట్టి కవచం ఉంటుంది, పుట్టినచోటు నుంచి కదల్లేదు. కదల్లేనిది ఏం చేస్తుంది, ఇరుగుపొరుగును వింటుంది.

వినడం అంటే ఏమిటో ఇప్పుడు చూడండి. వేర్‌వుల్ఫ్ అనే జన్యువు ఉంది (పేరుకూ మన తెలుగు 'వేరు'కూ సంబంధం లేదు, ఊరికే కలిసొచ్చింది, అది పాడైతే వేరంతా వెంట్రుకలే, అందుకని తోడేలు మనిషి పేరు పెట్టారు). దీని ప్రోటీన్ ఇంకో రెండు రకాల ప్రోటీన్లతో జట్టు కట్టి గ్లాబ్రా2 అనే జన్యువును ఆన్ చేస్తుంది. గ్లాబ్రా2 ఉన్న కణంలో కేశం పుట్టించే జన్యువులు అణిగిపోతాయి, కణం నున్నగా ఉంటుంది. అయితే అదే జట్టు, అదే కణంలో, క్యాప్రిస్ అనే ఇంకో చిన్న జన్యువును కూడా ఆన్ చేస్తుంది. క్యాప్రిస్ ప్రోటీన్ చూడ్డానికి వేర్‌వుల్ఫ్ బంధువే కానీ జన్యువును ఆన్ చేసే భాగం దానికి లేదు. అది పుట్టిన కణంలో ఉండిపోకుండా కణాల మధ్యనుండే సన్నని దారుల్లోంచి, ప్లాస్మోడెస్మాటా అంటారు వాటిని, పక్క కణంలోకి జారుకుంటుంది. అక్కడ వేర్‌వుల్ఫ్ కూర్చోవాల్సిన కుర్చీలో ఇది కూర్చుంటుంది. జట్టు పూర్తయినట్టే కనిపిస్తుంది కానీ పని జరగదు, గ్లాబ్రా2 ఆన్ కాదు, ఆ కణం కేశం అవుతుంది.

అంటే "నేను నున్నగా ఉంటాను" అని నిర్ణయించుకున్న కణమే పక్కదాన్ని "నువ్వు కేశం అవ్వు" అని తోస్తోంది. క్యాప్రిస్ పాడైన మొక్క వేరు మీద కేశాలు బాగా తగ్గిపోతాయి, ఎందుకంటే తోసేవాళ్లు లేరు. ఇక ఏ కణం మొదట ఎటువైపు మొగ్గాలన్నది లోపలి వల్కలం నుంచి వచ్చే సంకేతం చెబుతుంది. బయటి కణం పొర మీద స్క్రాంబుల్డ్ అనే గ్రాహకం దాన్ని అందుకుని సందు మీది కణంలో వేర్‌వుల్ఫ్‌ను కాస్త తగ్గిస్తుంది. ఆ కాస్త తేడానే పక్క కణాల మధ్య తోపులాట పెద్దది చేస్తుంది. స్క్రాంబుల్డ్ పాడైతే కేశాలు ఉంటాయి, నున్నని కణాలూ ఉంటాయి, కానీ వరుసలన్నీ చెదిరిపోయి ఎక్కడపడితే అక్కడ వస్తాయి. నాకు ఈ మ్యుటెంట్ అంటే ప్రత్యేకమైన ఇష్టం. రెండు రకాల కణాలు తయారుచేయడం ఒక పని, వాటిని సరైన చోట పెట్టడం ఇంకో పని అని ఒక్క ఫొటోలో చూపించేస్తుంది.

ఇప్పుడు అసలు వింత. ఇదే మొక్క ఆకు మీద సన్ననూగు ఉంటుంది, ట్రైకోమ్‌లు అంటారు. అక్కడ కూడా దాదాపు ఇదే జట్టు పనిచేస్తుంది, వేర్‌వుల్ఫ్ బదులు గ్లాబ్రా1 అనే దాని తోబుట్టువు ఉంటుంది, అదీ గ్లాబ్రా2నే ఆన్ చేస్తుంది. కాకపోతే ఆకులో గ్లాబ్రా2 నూగు పెంచడానికి కావాలి, వేరులో అదే వెంట్రుకను ఆపుతుంది! ప్రోటీన్లలో ఏదో తేడా ఉండి ఉంటుందనుకుని 2001లో రెంటినీ అటూ ఇటూ మార్చి చూశారు: వేర్‌వుల్ఫ్ ప్రమోటర్ (జన్యువు ఎక్కడ, ఎంత ఆన్ అవ్వాలో చెప్పే డీఎన్ఏ ముక్క) కింద గ్లాబ్రా1ను పెడితే వేరు చక్కబడింది, గ్లాబ్రా1 ప్రమోటర్ కింద వేర్‌వుల్ఫ్‌ను పెడితే ఆకు మీద నూగు వచ్చింది. రెండు ప్రోటీన్లూ ఒకే పని చేయగలవు, వాటిని వేరు చేసింది ఎక్కడ ఆన్ అవుతాయి అన్న ఒక్క సంగతే. "కేశం జన్యువు" అనే మాట వింటే నాకు చిరాకు వేసేది ఇందుకే.

పక్క కణం మాట వినడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ లోపలి పొరల్లో ఉంది. షార్ట్‌రూట్ జన్యువు వేరు నడుమనుండే ప్రసరణ స్తంభంలో మాత్రమే ఆర్ఎన్ఏ తయారుచేస్తుంది. అయినా ప్రోటీన్‌కు ఆకుపచ్చ వెలుగు తగిలించి చూస్తే, దాని బయట ఒక పొరలో, అంతశ్చర్మంలో, ప్రతి కేంద్రకమూ వెలుగుతుంటుంది. 2001లోనే ప్రచురితమైన విషయం, నేను చదివి ఉన్నాను, అయినా మొదటిసారి నా సొంత స్లైడ్ మీద చూసినప్పుడు వెలుగు పక్కకు లీకవుతోందనుకుని మైక్రోస్కోప్‌ను వారం రోజులు తిట్టుకున్నాను. నిజానికి ప్రోటీనే నడిచి వస్తోంది. వచ్చి స్కేర్‌క్రో అనే జన్యువును ఆన్ చేస్తుంది, స్కేర్‌క్రో ప్రోటీన్ ఈ వచ్చినదాన్ని కేంద్రకంలో పట్టి ఉంచుతుంది, ఇద్దరూ కలిసి ఇంకా ఎక్కువ స్కేర్‌క్రోను తయారుచేస్తారు, దాంతో షార్ట్‌రూట్ ఒక్క అడుగు కంటే ముందుకు పోలేదు. అందుకే అంతశ్చర్మం ఒకే పొర. స్కేర్‌క్రోను సగానికి తగ్గించి చూడండి, పట్టు సడలి షార్ట్‌రూట్ ఇంకో పొర దాకా పోతుంది, పొరలు ఎక్కువవుతాయి. ఇది ఇక్కడితో ఆగదు. అంతశ్చర్మంలోకి చేరిన ఈ జోడీ అక్కడ మైక్రో ఆర్ఎన్ఏ (వేరే జన్యువుల ఆర్ఎన్ఏను అణిచే చిన్న ఆర్ఎన్ఏ ముక్కలు) 165, 166లను తయారు చేయిస్తుంది, అవి మళ్లీ లోపలికి నడిచి నీళ్లు మోసే దారువు ఏర్పడే చోట ఫాబ్యులోసా అనే ఇంకో నియంత్రణ జన్యువు ఆర్ఎన్ఏను ముక్కలు చేస్తాయి. అంచుల్లో మైక్రో ఆర్ఎన్ఏ ఎక్కువ, నడుమ తక్కువ. అందుకని అంచున ఒక రకం నాళాలు, నడుమ ఇంకో రకం. లోపలి నుంచి ప్రోటీన్ బయటికి, బయటి నుంచి ఆర్ఎన్ఏ లోపలికి. ఇందులో ఎవరు ఎవరికి స్విచ్ వేశారో మీరే చెప్పండి.

(పేర్లతో జాగ్రత్త. జన్యువులకు చాలావరకు అవి పాడైతే మొక్కకు ఏమవుతుందో ఆ పేరు పెడతారు. షార్ట్‌రూట్ అంటే వేరును పొట్టిగా చేసే జన్యువు అని రాసిన జవాబులు పరీక్ష పేపర్లలో కోకొల్లలు చూశాను. సరిగ్గా ఉల్టా.)

పత్రరంధ్రాల కథ తొందరగా చెప్పేస్తాను. అక్కడ స్పీచ్‌లెస్, మ్యూట్, ఫామా అని మూడు బంధు జన్యువులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మొదటిది కణాన్ని ఆ దారిలోకి దించి చిన్నాపెద్దా ముక్కలుగా విభజింపజేస్తుంది, రెండోది ఇక విభజన చాలు రంధ్రం పనిలోకి రా అంటుంది, మూడోది రక్షక కణాలను ఖాయం చేస్తుంది. స్టోమా అంటే గ్రీకులో నోరు, నోళ్లే లేని మొక్క కాబట్టి స్పీచ్‌లెస్. ఇక్కడా ఇరుగుపొరుగు ఉంది: ఆ దారిలో దిగిన కణం చిన్న ప్రోటీన్ ముక్కలను బయటికి వదిలి, పక్కవాటిని ఆ దారిలోకి రానివ్వదు. అందుకే మామూలు ఆకులో రెండు రంధ్రాలు ఒకదానికొకటి అంటుకుని ఉండవు, మధ్యలో కనీసం ఒక కణం ఉంటుంది.

కొమ్మ చివర సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి, మీ "దాన్ని ఆన్ చేసింది ఎవరు" గొలుసు అక్కడ గుండ్రంగా తిరిగి మూసుకుంటుంది. కొమ్మ చివరి విభాజ్య కణజాలంలో, నడుమ కొద్ది కణాల్లో వుషెల్ అనే జన్యువు ఆన్‌లో ఉంటుంది. దాని ప్రోటీన్ పైకి నడిచి అక్కడి కణాలను మూలకణాలుగా ఉంచుతుంది, వాటిలో క్లావాటా3ను ఆన్ చేస్తుంది. క్లావాటా3 నుంచి వచ్చే పెప్టైడ్, అంటే చిన్న ప్రోటీన్ ముక్క, కిందికి దిగి వుషెల్‌ను తగ్గిస్తుంది. మూలకణాలు పెరిగితే పెప్టైడ్ పెరుగుతుంది, పెప్టైడ్ పెరిగితే వుషెల్ తగ్గుతుంది, వుషెల్ తగ్గితే మూలకణాలు తగ్గుతాయి. ఎక్కడ మొదలుపెట్టి చదివినా అక్కడికే వస్తారు. చెట్టు ముందా విత్తు ముందా అని మనం ఊరికే అంటాం కానీ ఇక్కడ అక్షరాలా అదే. క్లావాటా3 పాడైతే బ్రేకు పోయి కొమ్మ చివర ఉబ్బిపోతుంది, పూలలో ఫలదళాలు ఎక్కువవుతాయి. పెద్ద టమాటా కోసి చూడండి, అడవి టమాటాలో మామూలుగా 2 గదులుంటే ఇందులో ఎన్నో. దానికి ఒక పెద్ద కారణం, క్లావాటా3 దగ్గర సుమారు 3 లక్షల అక్షరాల డీఎన్ఏ ముక్క తిరగబడి దాని ప్రమోటర్‌ను తెంచడం. పెప్టైడ్ మారలేదు, అది ఎంత తయారవుతుందో మారింది. 2017లో డీఎన్ఏను కోరినచోట కత్తిరించే క్రిస్పర్‌తో ఈ ప్రమోటర్‌నే రకరకాలుగా కత్తిరించి, గదుల సంఖ్యను మెట్లుమెట్లుగా పెంచి చూపించారు. నన్నడిగితే స్విచ్ అనే పోలిక కంటే ఫ్యాన్ రెగ్యులేటర్ పోలిక చాలాచోట్ల నయం.

"సరే, వేరూ కొమ్మా వచ్చాక ఇరుగుపొరుగు ఉంటారు, మొట్టమొదటి కణానికి ఎవరున్నారు?" అని మీరు అడుగుతారు, నేనూ అడిగాను. సంయుక్త బీజం కూడా ఒంటరిది కాదు. విభజన కంటే ముందే దానిలో వాక్స్2, వాక్స్8 అనే నియంత్రణ జన్యువులు రెండూ ఆన్‌లో ఉంటాయి. చీలాక పైకణానికి వాక్స్2, కిందికణానికి వాక్స్8 మిగులుతాయి, పైది పిండం అవుతుంది, కిందిది దాన్ని మోసే కాడ అవుతుంది. ఆ మొదటి విభజన సరిగ్గా జరగడానికి కావాల్సిన ఒక ఆర్ఎన్ఏ మగబీజ కణంలోంచి వస్తుంది, షార్ట్ సస్పెన్సర్ అనే జన్యువుది, ఇది 2009లో తెలిసింది. చుట్టూ తల్లి వైపు నుంచి పెప్టైడ్లు కూడా వచ్చి తగులుతుంటాయి. అంటే గొలుసును వెనక్కి లాగుతూ పోతే ఖాళీ రాదు, ముందు తరం మొక్క వస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ఒక్క జన్యువుతో కణాన్ని మార్చొచ్చా? కొన్ని జన్యువులతో నిజంగానే మార్చొచ్చు. వెనక్కి తేవడం మాత్రం కణం తన నిర్ణయాన్ని ఎలా గుర్తుపెట్టుకుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ గుర్తు చాలావరకు డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ల మీద వేసే రసాయన ముద్రల్లో ఉంటుంది, పాలికోంబ్ అనే ప్రోటీన్ల గుంపు వాటిని వేసి అక్కర్లేని జన్యువులను మూసిపెడుతుంది. ఇందులో కర్లీలీఫ్ అనే ఒక సభ్యుడు పోతే పువ్వులో ఉండాల్సిన అగామస్ జన్యువు ఆకులో ఆన్ అయి ఆకులు ముడుచుకుంటాయి. దాని జోడీ స్వింగర్ కూడా పోతే ఇంకా ఘోరం, మొలక బాగానే వస్తుంది, తర్వాత కణాలు తామేమిటో మరిచిపోయి ముద్దగా మారిపోతాయి. నేను ఆ ప్లేటు చూసినప్పుడు ముందు ఫంగస్ పట్టిందనుకున్నాను. రక్షక కణాల్లోనూ ఇంతే: ఫామా తన తోడు ప్రోటీన్‌ను పట్టుకునే చిన్న భాగాన్ని చెరిపేస్తే, పూర్తిగా తయారైన రక్షక కణం మళ్లీ మొదటి నుంచి దారి పట్టి, రంధ్రం లోపల ఇంకో రంధ్రం వస్తుంది.

కావాలని వెనక్కి తేవడమూ ఉంది. 1957లోనే స్కూగ్, మిల్లర్ పొగాకు కణజాలంలో ఆక్సిన్, సైటోకైనిన్ అనే హార్మోన్ల పాళ్లు మార్చి, ఒకే ముద్ద నుంచి ఒకసారి వేళ్లూ ఒకసారి కొమ్మలూ రప్పించారు. 1990లలో షుగర్ బీట్ రక్షక కణాల నుంచి, కవచం తీసేసి, మొత్తం మొక్కలు పెంచారు. ల్యాబులో మొక్కగా పెంచడానికి లొంగని మొండి మొక్కజొన్న రకాల్లో బేబీబూమ్, వుషెల్2 జన్యువులు కాసేపు ఆన్ చేస్తే కణాలు పిండాల్లా మారతాయని 2016లో చూపించాక, జన్యుమార్పిడి చేసే ల్యాబుల్లో టెన్షన్ చాలా తగ్గింది. కాసేపు అన్న మాట ముఖ్యం, ఆ జన్యువులు ఆన్‌లోనే ఉండిపోతే పిండం మీద పిండం తప్ప మామూలు మొక్క రాదు.

వెనక్కి రానిది కూడా ఒకటి చెప్పి ఆపుతాను. వీఎన్‌డీ7 అనే జన్యువును మొక్కంతటా గట్టిగా ఆన్ చేస్తే, ఆకులో ఉన్నా వేరులో ఉన్నా చాలా రకాల కణాలు దారు నాళాల్లా మారిపోతాయి, గోడకు చుట్లు చుట్లుగా దళసరి పట్టీలు వస్తాయి. చూడ్డానికి ఇంద్రజాలంలా ఉంటుంది. అయితే నాళం అంటే నీళ్లు పోయే గొట్టం, లోపల ఏమీ ఉండకూడదు. అదే వీఎన్‌డీ7 గోడ కట్టించడంతో పాటు కణాన్ని లోపలి నుంచి జీర్ణం చేసే ఎంజైముల జన్యువులనూ ఆన్ చేస్తుంది, గోడ పూర్తయ్యాక కణం చచ్చిపోతుంది. ఆ తర్వాత మీరు ఏ జన్యువు తెచ్చినా, దాన్ని పెట్టడానికి అక్కడ కేంద్రకమే ఉండదు.